వత్తు విడిపోయిన పేరు

మీ పేరులో వత్తు ఉందా?

ఉంటే, పోయిన జూన్‌లో ఒక సోమవారం పొద్దున, విశాఖ రేవు వెనకాల ఉన్న ఒక స్టీలు నిల్వ యార్డు గేటును మీరు దాటగలిగేవారు కారు. నూకాలు దాటింది. రాము దాటాడు. సత్యం ఆగిపోయాడు. అప్పలసూరి ఆగిపోయాడు. వయసును, పనితనాన్ని, ఎన్నేళ్ళుగా వస్తున్నారన్నదాన్ని ఎవరూ చూడలేదు. అక్షరం కింద అక్షరం ఉన్న పదిహేడు మంది గేటు బయట నిలబడ్డారు. అందుకు కారణమైన మనిషి పేరు మిరియం. ఆ పేరులో వత్తు లేదు. తప్పు అక్కడే మొదలైంది.

మిరియంకు నలభై తొమ్మిదేళ్ళు. కంచరపాలెంలో అక్క కేథరిన్‌తో కలిసి ఉంటుంది. యార్డులో కూలీలకు వారం వారం గేటు పాసులు ఇచ్చే గది ఆమెది. కూలీలు ఆమెను ‘మిరియాల మేడమ్’ అంటారు. ఎదురుగా అనరు, కిటికీకి రెండడుగుల దూరం వెళ్ళాక అంటారు. ఆమెకు వినబడుతూనే ఉంటుంది.

ఆమె తండ్రి జ్ఞానశేఖర్ ఒక మిషన్ ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేసి పోయాడు. సీసపు అక్షరాల పెట్టెలో వత్తులకు వేరే అరలు ఉండేవి. కొత్త టైపు వచ్చిన రోజున ఆయన మొట్టమొదట కూర్చే మాట ఒక్కటే: ‘జ్ఞానస్నానము’. అది నిలబడితే ఏ మాటైనా నిలబడుతుందని ఆయన నమ్మకం. తేలిక మాటతో చేసేది పరీక్ష కాదనీ, పలకరింపనీ అనేవాడు. ఆ ఇంట్లో పుట్టినందువల్లనే కాబోలు, మిరియం కన్ను ముందుగా వత్తు మీదికే పోయేది. డాబాగార్డెన్స్‌లో ఒక డీటీపీ షాపులో పన్నెండేళ్ళపాటు పెళ్ళి శుభలేఖలూ, ఉజ్జీవ సభల కరపత్రాలూ టైపు చేసింది. ఆ వీధిలో ఎవరికి అచ్చుతప్పు అనుమానం వచ్చినా కాగితం పట్టుకుని ఆమె దగ్గరకే వచ్చేవారు.

పదకొండేళ్ళ కిందట యార్డువాళ్ళు ఆమెను పిలిచింది కూడా ఆ కంటి కోసమే. అంతకుముందు పాసుల మీద పేర్లు ఇంగ్లీషులో ఉండేవి. ఒకే అప్పలసూరిని ఒక వారం ‘యూ’తో, ఒక వారం ‘డబుల్ ఓ’తో, ఒక వారం మధ్యలో ఖాళీతో రాసేవారు. గేటు దగ్గర రోజూ తగువే. చివరికి యాజమాన్యం ఒక మంచి పని చేసింది. ఆధార్ కార్డు మీద తెలుగులో ఎలా ఉందో పాసు మీదా అలాగే ఉండాలనీ, కాపలాదారు అక్షరం అక్షరం పోల్చుకుని లోపలికి పంపాలనీ నిబంధన పెట్టింది. తన పేరును తానే చదువుకుని సంతకం చేయగల హక్కు కూలీకి ఆ రోజున వచ్చింది. ఆ నిబంధనే ఒక రోజు అతని మెడ పట్టుకుంటుందని ఎవరూ ఊహించలేదు.

పాసులు అచ్చువేసే ఆరు పాత కంప్యూటర్లను సాయిశంకర్ అనే కుర్ర ఇంజినీరు నిలబెట్టాడు. వాటికి జ్ఞాపకశక్తి తక్కువ. అందుకని ప్రతి ప్రోగ్రాంనూ ఆ యంత్రం మీదనే మూల కోడ్ నుంచి తయారుచేసుకునే రకం లినక్స్‌ను ఎంచుకున్నాడు. కావలసిన భాగాలే ఉంటాయి, అక్కరలేనిది ఒక్కటీ చేరదు. ఏర్పాటు బాగుంది, మనిషే నిలవలేదు. ఐదేళ్ళ కిందట రుషికొండలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, మిరియం గదిలో మానిటర్ అంచుకు ఒక కాగితం అతికించాడు. దాని మీద ఆరు యంత్రాలకూ కలిపి ఒకే ఒక్క వరుస ఆజ్ఞ.

“అక్కా, ప్రతి ఆదివారం ఇది కొట్టండి. లిస్టు చూపించి ‘చెయ్యనా?’ అని అడుగుతుంది. అవునండి. అంతే, ఇంకేం ఉండదు.”

పేర్లు టైపు చేయడానికి వచ్చిన మనిషి నెత్తిన ఆరు యంత్రాలు పడ్డాయి. హోదా మారలేదు. ఏటేటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టూ మారలేదు. ఆమె అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు.

అప్పటినుంచి ఆదివారాలు ఒక్కలాగే గడిచాయి. చర్చిలో రెండో ఆరాధన ముగియగానే, అన్నం డబ్బాతో యార్డు బస్సెక్కుతుంది. గేటు మూసి ఉంటుంది కాబట్టి యంత్రాలకు అదే తీరిక. కిటికీ అంచున వారం రోజుల బొగ్గుపొడి పేరుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడుస్తుంది. కాగితం మీది వరుస కొడుతుంది. జాబితా వస్తుంది. ‘అవును’ అంటుంది. యంత్రం గంటల తరబడి గొణుగుతూ పనిచేస్తుంటే తాను అన్నం తిని, కుర్చీలో వాలి, ఆ వారం పోయిన ఓపికను కొంచెం కూడగట్టుకుంటుంది.

ఆ వరుసతో ఆమె పిలిచేది ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాంను. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా బతకదు. పాసు అచ్చువేసేదానికి పేజీని తీర్చేది కావాలి. దానికి అక్షరాలను కూర్చేది కావాలి. దానికి ఫాంటును చదివేది కావాలి. ఒకదానికి కొత్త వెర్షన్ వస్తే, దాన్ని ఆనుకున్న వాటిలో ఏవి మారాలో, ఏది ముందో ఏది వెనకో లెక్క కట్టి, ఆ వరుసలో అన్నింటినీ కొత్తగా కట్టుకొచ్చేది ప్యాకేజీ మేనేజర్. అంతేకాదు, ఒక్కొక్క ప్రోగ్రాంకూ కొన్ని ఆప్షన్లు ఉంటాయి. ఈ సౌకర్యంతో కట్టాలా, అది లేకుండా కట్టాలా అని. యంత్రం యజమాని తన కోరికను ఫైల్లో రాసి పెట్టుకుంటే అదే చెల్లుతుంది. ఏమీ రాయకపోతే, ఎక్కడో కూర్చుని ఆ ప్రోగ్రాంలను సర్దేవాళ్ళు ఏది ఎంచితే అదే చెల్లుతుంది. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు అన్నారు. అక్కడ అది పూర్తి అంగీకారం.

పోయిన మార్చిలో ఆ సర్దేవాళ్ళు ఒక ఎంపికను మార్చారు. పేజీని తీర్చే ప్రోగ్రాంలో, జంట అక్షరాలను కలిపి కూర్చే ఆప్షన్ అంతవరకూ అడగకుండానే వచ్చేది. దాన్ని ‘కోరితేనే’ అన్న వరుసలోకి నెట్టారు. ఆ విషయాన్ని దాచలేదు కూడా. ఒక ప్రకటన రాసి అందరి యంత్రాలకూ పంపారు. మిరియం తెరమీద పైభాగాన ‘చదవని వార్తలు: 27’ అని పచ్చరంగులో కనబడుతున్నది అదే. నోటీసు ఇచ్చారు, అందింది, చదవలేదు. ఏ న్యాయస్థానంలోనైనా ఇంతటితో వాదన ముగుస్తుంది. కానీ ఆ నోటీసును ఏ భాషలో, ఎవరికి, ఏ శిక్షణ ఇచ్చి అందించారన్న ప్రశ్న మిగులుతుంది. దాన్ని అడిగే తీరిక న్యాయస్థానాలకూ తక్కువే.

మార్చిలో ఏమీ జరగలేదు. ఏప్రిల్, మే నెలలూ సాఫీగా గడిచాయి. ఎందుకంటే కాగితం మీది వరుస, ప్యాకేజీ మేనేజర్‌ను వెర్షన్ నంబర్లు మాత్రమే పోల్చమని అడుగుతుంది. నంబరు మారనంతకాలం పాత కట్టుబడి పాత ఆప్షన్లతోనే పడి ఉంటుంది. జూన్ రెండో ఆదివారం ఆ ప్రోగ్రాంకు కొత్త వెర్షన్ వచ్చింది. మార్చిలో మారిన ఎంపిక అప్పుడు అమలైంది.

ఆ రోజు జాబితాలో నలభై మూడు వరుసలు. ముప్పై ఒకటో వరుసలో ఆ ఆప్షన్ పేరు, దాని ముందు ఒక చిన్న అడ్డగీత, వెనక ఒక చుక్క. అడ్డగీత అంటే ‘లేదు’. చుక్క అంటే ‘ఇదివరకటి నుంచి మారింది’. మిరియం ఆ వరుసను చూసింది. చూడటం వేరు, చదవటం వేరు. ముందురోజు రాత్రంతా అక్కకు జ్వరం. పొద్దున పాస్టరు గారి ప్రసంగం గంటంబావు. ఆమె ‘అవును’ అంది.

రెండున్నర గంటల తరువాత ఎప్పటిలాగే పరీక్ష కోసం ఒక పాసు అచ్చువేసింది. ఎప్పటిలాగే తన పేరుతో. మి-రి-యం. అక్షరాలు వచ్చాయి. ‘మి’ మీది గుడి కాస్త పక్కకు జరిగినట్టుంది. ప్రింటర్ రోలర్ అరిగిపోయిందేమో, మార్చమని మళ్ళీ గుర్తుచేయాలి అనుకుని, సంచి భుజాన వేసుకుని బస్సు కోసం వెళ్ళింది.

సోమవారం ఏడున్నరకు గేటు దగ్గర గోల.

కాపలాదారు అర్జునరావు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఎడమచేతిలో ఆధార్, కుడిచేతిలో పాసు, ముక్కు మీద కళ్ళద్దాలు. అతని ఎదుట అప్పలసూరి. స్టీలు కాయిల్స్‌కు గొలుసు కట్టి క్రేన్ కొక్కేనికి తగిలించడం అతని పని. చీపురుపల్లి దగ్గరి ఊరినుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా ఆ ఒక్క పనే చేస్తున్నాడు.

“ఏటిరా ఇది? ఆధార్లో ఐదచ్చరాలున్నాయి. పాసులో ఆరున్నాయి.”

“ఆరోది నానెక్కడినుంచి తెత్తాను బాబూ? మా అమ్మ ఐదే ఎట్టింది.”

“ఇటు సూడు. అ. ప్. ప. ల. సూ. రి. అప్‌పలసూరి. ఈడెవుడు?”

“ఈడూ నానే.”

“అదే అందరూ సెప్తారు.”

వెనకనుంచి సత్యం అరిచాడు: “నానైతే సత్‌యం అయిపోనాను బావ. నీకు నయం, పేరు పొడుగైనాది. నాకు నత్తొచ్చినాది!”

వరుస మొత్తం నవ్వింది. కానీ వత్తున్న పదిహేడు మందినీ అర్జునరావు పక్కన నిలబెట్టేశాడు. ఆపరేషన్స్ మేనేజర్ దేవీప్రసాద్ పరుగున వచ్చి, ఆ రోజుకు చేతిచీటీలు రాసిచ్చి లోపలికి పంపాడు. అప్పలసూరి మాత్రం పనిలోకి పోయేముందు పాసు పట్టుకుని మిరియం కిటికీ దగ్గర ఆగాడు.

“మేడమ్ గారూ, నా పేరు ఇరిగిపోనాది.”

ఒక్క చూపుకే ఆమెకు విషయం అర్థమైంది. డీటీపీ షాపులో తప్పుడు ఫాంటు పడినప్పుడు అక్షరాలు సరిగ్గా ఇలాగే విడిపోయేవి. ముందురోజు జాబితాను వెనక్కి తిప్పి, ముప్పై ఒకటో వరుసలోని అడ్డగీతనూ చుక్కనూ ఈసారి చదివింది. ఫైలు తెరిచి, జంట అక్షరాలను కలిపే ఆప్షన్ కావాలని తన చేత్తో రాసింది. కాగితం మీది వరుస కొట్టింది. ప్యాకేజీ మేనేజర్ ఒక్క క్షణంలో జవాబిచ్చింది: చేయవలసినది ఏదీ లేదు.

హమ్మయ్య అనుకుంది. తెరమీద బ్రౌజర్లో పాసు తెరిచి చూసింది. అప్పలసూరి పేరు నిండుగా, వత్తుతో సహా ఉంది. పదిహేడు పాసులూ మంగళవారం పొద్దున గేటు గదిలో మళ్ళీ అచ్చయ్యేలా పెట్టింది.

అప్పలసూరి ఇంకా అక్కడే ఉన్నాడు.

“రేపు కూడా ఇలాగే వత్తే ఏటి సెయ్యాలి మేడమ్? ఆ అర్జునరావు బాబు మా గొప్పోడు. బెమ్మదేవుడొచ్చినా వొత్తు లెక్కెట్టే పంపుతాడు.”

“రాదులేవయ్యా. వస్తే నీ దగ్గర పెన్ను లేదా ఏటి? ఆ వత్తేదో నువ్వే పెట్టేసుకో.”

ఆమె తలెత్తకుండానే అంది. అలసిన మనుషులు వేసే హాస్యం అలాగే ఉంటుంది, నవ్వు తప్ప అన్నీ ఉంటాయి. అప్పలసూరి నవ్వలేదు.

“ఏ పక్కకి ఎట్టాలి మేడమ్? మా పాప నేర్పినాది గాని, పాసు మీదంటే తప్పెడతానేమో.”

పాడైన పాసు ఒకటి తిరగేసి, దాని వెనక పెద్ద అక్షరాలతో ‘ప్ప’ రాసి చూపించింది. “ఇదిగో, ఇలా. కింద, కుడిపక్కకి. ఈ ‘ప్’ కొట్టేసి. సరేనా? ఇంక పద, క్రేన్ పిలుస్తోంది.”

అతడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున అచ్చయిన పదిహేడు పాసుల్లోనూ అక్షరాలు విడిపోయే ఉన్నాయి.

పదహారు మంది గేటు ముందు అరిచారు. సత్యం పాసును నేలకేసి కొట్టాడు. అప్పలసూరి అరవలేదు. ఆగిన లారీ డ్రైవర్ దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు. కాలవ గట్టు మీద కూర్చుని, మడతల కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని చూస్తూ, పొల్లు ఉన్న ‘ప్’ను అడ్డంగా కొట్టేసి, మిగిలిన ‘ప’ కింద కుడిపక్కగా వత్తు దిద్దాడు. శ్రద్ధగా దిద్దాడు. తన పేరును తాను సరిచేసుకున్నాడు. ఆ పాసును అర్జునరావుకు అందించాడు.

అర్జునరావు నిబంధనల మనిషి, చెడ్డవాడు కాడు. పాసు మీద చేతిరాత ఉంటే ఏం చేయాలో అతని పుస్తకంలో రాసి ఉంది. పాసు తీసుకున్నాడు. రిజిస్టరులో ‘పాసు దిద్దినందుకు’ అని రాశాడు. ఆ పేరు నిషేధ జాబితాలోకి ఎక్కింది. ఆ సంస్థకు ఊళ్ళో ఉన్న మూడు యార్డుల్లో దేనిలోకీ ఆరు నెలలపాటు ప్రవేశం లేదు.

“ఎవులు దిద్దమన్నారు నిన్ను?” అని అడిగాడట.

“ఎవులూ అనలేదు బాబూ. నానే దిద్దుకున్నాను.”

అరిచిన పదహారు మందికీ మళ్ళీ చేతిచీటీలు దొరికాయి. అరవకుండా సరిదిద్దుకున్నవాడు ఒక్కడే బయట మిగిలాడు.

మిరియంకు ఈ సంగతి తెలిసేసరికి పది అయింది. ముందు సాయిశంకర్‌కు ఫోన్ చేసింది.

“అక్కా, ఎన్నాళ్ళకి! బాగున్నారా?”

“బాగోలేను. నువ్వు అంటించిన కాగితం నన్ను ముంచింది. ఫైల్లో ఆప్షన్ పెట్టానురా బాబూ. నీ వరుసే కొట్టాను. చెయ్యడానికి ఏమీ లేదంది. తీరా అచ్చు చూస్తే మళ్ళీ అదే.”

సాయిశంకర్ వివరం అంతా అడిగి తెలుసుకున్నాడు.

“అది అబద్ధం చెప్పలేదక్కా. వెర్షన్ నంబరు చూసింది, కొత్త నంబరే ఉంది. అందుకని పని లేదంది. మీరు ఫైల్లో ఆప్షన్ మార్చినట్టు దానికి తెలుసు. కానీ ఆ తేడా కోసం మళ్ళీ కట్టాలా వద్దా అన్నది మీరు అడగాలి. అడగందే చెయ్యదు.”

“అంటే కాయిల్ మీద చీటీ నంబరు చూసి పంపేసినట్టా? మందం కొలవకుండా?”

“అదే. మందం కూడా కొలువు అని ఆ వరుసలో ఇంకో మాట చేర్చాలి. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఎవరు ఏ ఆప్షన్ కొత్తగా పెట్టినా తీసినా అన్నీ మళ్ళీ కట్టేస్తుంది. రెండోది, మన దగ్గర ఆన్‌లో ఉన్నవీ ఆఫ్‌లో ఉన్నవీ నిజంగా మారితేనే కడుతుంది. మనకి రెండోది చాలు.”

“ఆ మాట ఆ కాగితంలో ఎందుకు రాయలేదు నువ్వు?”

“అప్పట్లో మెషీన్లు నత్తల్లా ఉండేవక్కా. ఆ మాట చేరిస్తే ఆదివారం సరిపోయేది కాదు. తరవాత చేర్చుదామనుకున్నాను. తరవాత... వచ్చేశాను.”

“సరే. మరి తెరమీద పేరు బాగానే కనపడిందేం?”

“బ్రౌజర్ తన అక్షరాల సరంజామా తనే మోసుకొస్తుంది. దానికీ ప్రింటుకీ సంబంధం లేదు.”

“ఆ ఆప్షన్ వాళ్ళెందుకు తీసేశార్రా అసలు?”

“చాలామందికి అక్కర్లేదని రాశారు.”

“ఎవరికి అక్కర్లేదట?”

జవాబు వినకుండానే ఆమె ఫోన్ పెట్టేసింది. వత్తు అవసరం లేని లిపిలో బతికేవాళ్ళు చాలామంది. వారి సౌకర్యమే అందరికీ ముందుగా ఎంచిన ఎంపిక అవుతుంది. మిగిలినవాళ్ళు అడిగి తెచ్చుకోవాలి. అడగాలని తెలిస్తేనే.

కొత్త మాట చేర్చి వరుస కొట్టేసరికి, ప్యాకేజీ మేనేజర్ ఒక్క ప్రోగ్రాంనే చూపించింది. అదే నంబరు, ముందు అడ్డగీత లేదు, వెనక చుక్క ఉంది. యంత్రం పదకొండు నిమిషాల్లో దాన్ని మళ్ళీ కట్టింది. ఈసారి ఆమె గేటు గదికి స్వయంగా నడిచివెళ్ళి పాసు అచ్చువేసి చూసింది. ‘ప్ప’ కలిసింది. బుధవారం పదహారు మందీ ఏ చీటీ లేకుండా పనిలోకి వెళ్ళారు.

గురువారం దేవీప్రసాద్ గదిలో ఆమె నిలబడే మాట్లాడింది.

“సార్, అప్పలసూరి పేరు జాబితాలోంచి తీయించాలి.”

“తీయిద్దాం మేడమ్. కూర్చోండి. తియ్యాలంటే కారణం కాగితం మీద ఉండాలి కదా? అక్షరాలు విడిపోయాయంటే సిస్టమ్ తప్పు, ఒప్పుకుందాం. పెన్నుతో గీయడం సిస్టమ్ తప్పా? అది ఆయన చేసిందే కదా. ఆయనే ఒప్పుకున్నాడు.”

“ఆయన తన పేరే రాసుకున్నాడు సార్.”

“నాకు తెలుసు. నాక్కాదు, హెడ్డాఫీసుకి చెప్పాలి.” దేవీప్రసాద్ కణతలు నొక్కుకున్నాడు. అతనికీ నిద్ర లేదు. “సోమవారం ఆడిట్ వస్తోంది. వచ్చే నెల మీ రెన్యువల్ ఉంది. అనవసరంగా మీ మీదికి తెచ్చుకోకండి. ‘సాంకేతిక కారణాల వల్ల అక్షరములు విడిపోయినవి’ అని ఒక లైను రాసి నా ట్రేలో పెట్టండి. ఎవరినీ ఏమీ అన్నట్టు ఉండదు.”

“అప్పలసూరి?”

“ఆరు నెలలు ఎంతలో తిరిగొస్తాయి మేడమ్?”

గదికి వచ్చి ఆ వాక్యాన్ని టైపు చేసింది. పదకొండేళ్ళలో అలాంటి వాక్యాలు చాలా టైపు చేసింది. ఆలస్యము జరిగినది. పొరపాటు దొర్లినది. చర్య తీసుకొనబడినది. మన కార్యాలయాలు నడిచేది ఈ కర్తలేని వాక్యాల మీదనే. పని జరుగుతుంది, చేసినవాడు ఉండడు. అప్పలసూరి మాత్రం గేటు దగ్గర నిండైన కర్తతో ఒక వాక్యం చెప్పాడు. నానే దిద్దుకున్నాను. శిక్ష ఆ వాక్యానికి పడింది.

సాయంత్రం బస్సు కోసం నడుస్తుంటే, గేటు ఎదుటి టీ బడ్డీ దగ్గర అతడు కనిపించాడు. పని లేకపోయినా పొద్దున వచ్చి, అందరూ డ్యూటీ దిగేదాకా అక్కడే కూర్చుంటున్నాడట. ఎక్కడికి పోవాలో తెలియక. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

“నువ్వు అర్జునరావుకి ఎందుకు చెప్పలేదయ్యా? నేను గీసుకోమన్నానని.”

“మీరు నవ్వులాటకి అన్నారు మేడమ్. నానే మొద్దునాగ పట్టుకున్నాను.”

“నవ్వులాటకి అని అప్పుడే తెలుసా నీకు?”

“అప్పుడు తెల్లేదు.” తల గోక్కున్నాడు. “అర్జునరావు బాబు మొకం సూసినాక తెలిసినాది.”

ఆమెకు నవ్వు వచ్చింది, వచ్చినంత వేగంగానే పోయింది.

“మరి అప్పుడైనా చెప్పొచ్చుగా?”

“మిమ్మల్ని పిలిసి అడుగుతారు. మీరు కాదంటే నాను అబద్దాలోడినవుతాను. అవునంటే మీ పేరు సెడిపోద్ది. రెండిట్లో నాకు ఒరిగేదేటి? నా పేరు ఎలాగూ ఇరిగే ఉన్నాది.” మళ్ళీ తనే అన్నాడు: “మీరు రాసిచ్చినట్టే దిద్దానమ్మా. తేడా రానీనేదు.”

“ఆ కాగితం ఉందా?”

అతడు జేబు మీద చేయి వేసుకున్నాడు. తీయలేదు.

“ఎందుకు మేడమ్ ఇప్పుడు?”

“ఇలా ఇవ్వు.”

నాలుగు మడతల కాగితం చెమటకు మెత్తబడి ఉంది. వెనకవైపు ఆమె చేతిరాతలో పెద్ద ‘ప్ప’, దాని కింద వంకరగా మరో అయిదారు ‘ప్ప’లు. సోమవారం రాత్రి అతడు ఇంట్లో అభ్యాసం చేసినవి. మంగళవారం తప్పు పోకూడదని.

ఆ రాత్రి కేథరిన్ అడిగింది: “ఒంట్లో బాలేదేటే?” “అలసట” అంది. అది అబద్ధం కాదు. ఒక్క రోజు పని అలసట కాదది, ఎన్నో ఏళ్ళుగా ప్రతిదానికీ ‘అవును’ అంటూ వచ్చిన మనిషి అలసట. జాబితా చూపించి అడిగితే అవును. యంత్రాలు నెత్తిన పెడితే అవును. ఒక్క లైను రాయమంటే అవును. తండ్రి జ్ఞాపకం వచ్చింది. తాను ఐదేళ్ళుగా ఆదివారం ఆదివారం చేసింది పరీక్ష కాదు, పలకరింపు. తన పేరుతో తననే పలకరించుకుంది.

శుక్రవారం పొద్దున తొందరగా వచ్చింది. పచ్చరంగులో ఉన్న ఇరవై ఏడు వార్తలనూ కూర్చుని చదివింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. ఇంకో రెండు ఎంపికలు మారబోతున్నాయని తెలిసింది. వాటి పేర్లను ఫైల్లో రాసింది. మానిటర్ అంచున ఉన్న సాయిశంకర్ కాగితాన్ని గీకి తీసేసి, కొత్త వరుసతో మరొకటి అంటించింది. దాని కింద ‘పరీక్ష పేరు’ అని రాసి, పక్కన అప్పలసూరి పేరు రాసింది.

తరువాత టైపు చేసి ఉంచిన వాక్యాన్ని తెరిచింది. ‘సాంకేతిక కారణాల వల్ల.’ చెరిపేసింది. తెల్లకాగితం తీసుకుని పెన్నుతోనే రాయడం మొదలుపెట్టింది.

“జూన్ రెండో ఆదివారం కంప్యూటర్లను అప్‌డేట్ చేసినది నేను. ఏ ఆప్షన్ తొలగిపోతున్నదో ప్రోగ్రాం నాకు చూపించింది. నేను చదవకుండా ఒప్పుకున్నాను. సోమవారం నేను చేసిన మరమ్మతు అమలు కాలేదు. అయిందో లేదో నేను అచ్చువేసి చూడలేదు. పాసు మీద పేరును పెన్నుతో దిద్దుకోమని అప్పలసూరికి చెప్పినది నేను. ఎలా దిద్దాలో నేను గీసి చూపించిన కాగితాన్ని జతచేస్తున్నాను. అతడు నా మాట ప్రకారమే చేశాడు. కనుక అతని పేరును జాబితా నుంచి తొలగించవలసిందిగా కోరుతున్నాను.”

‘నేను’ ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంది. ఒక్కటీ తీయలేదు. మెత్తబడిన కాగితాన్ని గుండుసూదితో దాని వెనక గుచ్చింది.

దేవీప్రసాద్ గది తలుపు తీసి ఉంది. ట్రే బల్ల అంచున ఉంది. అతడు లోపలినుంచి, “రాశారా మేడమ్? అక్కడ పెట్టేయండి, నేను చూసుకుంటాను” అన్నాడు.

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. ట్రేలో పెట్టిన కాగితం చదవబడుతుంది, మెచ్చుకోబడుతుంది, ఆడిట్ వెళ్ళిపోయేదాకా ఒక సొరుగులో ఉంచబడుతుంది. అక్కడా కర్త ఉండడు.

“ఇది ట్రేలో పెట్టేది కాదు సార్” అని, వరండా చివర ఇన్‌వర్డ్ గుమాస్తా బల్ల దాకా నడిచింది. వచ్చిన ప్రతి కాగితానికీ అక్కడ ఒక నంబరు పడుతుంది, నంబరు పడినదాన్ని ఎవరూ లేదనలేరు. కాగితం అతని ముందు పెట్టి, రిజిస్టరులో రాసుకోమంది.

“ఎవరి నుంచి అని రాయమంటారు మేడమ్?”

“మిరియం అని రాయి,” అంది.